నిప్పు లేని గదిలో డప్పు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 1 దినవృత్తాంతములు 25:1-8, నిర్గమకాండము 15:20



బైబిలు దగ్గర ఉన్నవారు దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయము తీయండి. ఇది మనము సాధారణంగా చదవకుండా దాటిపోయే అధ్యాయము. అన్నీ పేర్లే. నేను కూడ చాలా సంవత్సరాలు అలాగే దాటిపోయాను. ఆసాపు కుమారులు నలుగురు, యెదూతూను కుమారులు ఆరుగురు, హేమానుకు పద్నాలుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. దేవుని మందిరములో పాడుటకు దావీదు ఏర్పరచినవారు వీరు. 7వ వచనములో మొత్తము లెక్క ఉన్నది: 288 మంది. 24 వంతులు, వంతుకు 12 మంది. మరి ఎవరి వంతు ముందు, ఎవరి వంతు వెనుక? చీట్లు వేశారు. పిన్న అని, పెద్ద అని, నేర్పినవాడని, నేర్చుకొనేవాడని తేడా చూడలేదని 8వ వచనము చెప్పుచున్నది. పాటగాండ్ల మధ్య తిరిగినవారికి, దావీదు చీట్లు ఎందుకు వేయించాడో విడమరచి చెప్పనక్కరలేదు!

ఈ వచనము నాకు ఎక్కడ అర్థమయ్యిందో ఈ రోజు మీతో చెప్తాను. గుడిలో కాదు, హైదరాబాదులో ఒక రికార్డింగ్ స్టూడియోలో.

మా నల్గొండలో ఆరుగురు యౌవనస్థులు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. ఒకడు ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాడు, ఒకడు ఆటో నడుపుతాడు, ఒక అమ్మాయి ప్రైవేటు బడిలో టీచరు. వెనుక ఏ కంపెనీ లేదు, ఏ పెద్ద పరిచర్య లేదు. సినిమాతో పని లేకుండా పాడిన చౌరస్తా బ్యాండు పాటలు విని, "మన ప్రభువు పాటలు మనము ఎందుకు అలా చేయకూడదు?" అనుకున్నారు. ఎనిమిది పాటలు వ్రాసుకున్నారు. ఒకడు చీటీ ఎత్తాడు, ఒకరు చేతి ఉంగరము కుదువపెట్టారు. పాటల్లో వాక్యవిరుద్ధమైన మాట ఏదైనా ఉంటే సరిచేయమని నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు. నార్కట్‌పల్లి మీదుగా తెల్లవారుజాము బస్సులో పోవడము, రాత్రి చివరి బస్సుకు రావడము.

స్టూడియోలో పాట ఎలా తయారవుతుందో మీలో చాలామంది చూసి ఉండరు. అందరూ కలిసి పాడతారని మనము అనుకుంటాము. కాదు. మొదట ఒక గంట లాంటి చప్పుడు, టిక్కు టిక్కు మని, కంప్యూటరులో పెడతారు. దాని మీద ఒకరు ఊరికే లెక్క కోసము పాట పాడి పెడతారు. ఆ తర్వాత కీబోర్డు వాయించేవాడు ఒక్కడే వస్తాడు. మరో రోజు గిటారు. మరో రోజు తబలా. పాడేవారు అద్దాల గదిలో ఒంటరిగా, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని పాడతారు. పల్లవి ఒక పూట, చరణము ఒక పూట. శ్రుతి జారిన అక్షరాన్ని ఇంజనీరు కంప్యూటరులోనే పైకి లేపుతాడు. అన్నీ అతికిన తర్వాత మనకు గుంపు పాడినట్లు వినబడుతుంది. కాని ఆ గుంపు ఎన్నడూ ఒక్కచోట నిలబడలేదు.

క్యాసెట్ల కాలములో నేను ఒక పాటల బృందముతో రికార్డింగుకు వెళ్లాను. అప్పుడు ఒకే గది, రెండే మైకులు. హార్మోనియము, తబలా, తాళాలు, పాడేవారు పన్నెండు మంది. ఆఖరి చరణములో ఒక్కరు దగ్గితే అందరము మళ్లీ మొదటి నుండి పాడాలి. విసుగు వచ్చేది, నిజమే. కాని తప్పిన మనిషిని భరించి మళ్లీ పాడేవాళ్లము. ఇప్పుడైతే తప్పు చేసినవానితో ఎవరికీ పని లేదు. తప్పున్న ముక్కను కోసివేస్తే చాలు. యంత్రాన్ని నిందించడానికి ఇది చెప్పడము లేదు. ఈ రేడియో ప్రసంగములో కూడ నా దగ్గులు కోసివేస్తారు, అందుకు ఈ సహోదరులకు నా కృతజ్ఞతలు!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎనిమిది పాటలలో ఒక పాట డప్పు దరువు మీద కట్టినది. దాని కోసము పిల్లలు మా చిన్నాయనను తీసుకొచ్చారు. వయసు డెబ్బై దాటింది. మూడు ఊళ్లలో ఆయనంత డప్పు కొట్టేవారు లేరు. మొదటి రోజు ఉదయము నుండి ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నము పిలిచారు. ఆయన వాయించాడు, డప్పు పలుకలేదు. తడిసిన అట్టను కొట్టినట్లు వచ్చింది చప్పుడు.

కారణము మీలో పల్లెటూరివారికి వెంటనే తెలిసి ఉంటుంది. డప్పు అంటే కట్టె చట్రానికి చింతగింజల గంజితో అంటించి బిగించిన తోలు. వాయించే ముందు దానికి మంట సెగ చూపించాలి. సెగకు తోలు బిగుస్తుంది, గొంతు లేస్తుంది. చల్లగాలి తగిలితే వదులౌతుంది. స్టూడియోలో ఏసీ ఎముకలు కొరుకుతున్నది. చిన్నాయన అటూ ఇటూ చూసి, "గింత సల్లగుంటే ఇది యాడ పలుకుతది బిడ్డా? ఇంత నిప్పు దొరుకుతదా ఈడ?" అని అడిగాడు. ఇంజనీరు నవ్వాడు. "డప్పు శబ్దము కంప్యూటరులో రెడీగా ఉంది, పెద్దాయనకు శ్రమ ఎందుకు?" అన్నాడు. పిల్లలు నా వైపు తిరిగి, "అయ్యగారూ, మీరేమంటరు?" అన్నారు.

ప్రియులారా, నేనేమన్నానో దాచకుండా చెప్తాను. "కంప్యూటరుదే పెట్టండి. అసలు ఆరాధన పాటలో డప్పు లేకపోయినా నష్టమేమి?" అన్నాను. చిన్నాయన మాట్లాడలేదు. డప్పును సంచిలో పెట్టుకొని మళ్లీ బయట బెంచీ మీద కూర్చున్నాడు.

నేను ఆ మాట ఎందుకన్నాను? సమయము లేదని కాదు, గంటకు అద్దె అని కాదు. మా బాపు డప్పు కొట్టేవాడు. నేను కూడ చిన్నప్పుడు ఆయన వెనుక నడచి కొట్టాను. చావు ముందర కొట్టాము, జాతరలో కొట్టాము, ఊరి చాటింపుకు కొట్టాము. పిలిస్తే పోవాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. బడిలో తోటి పిల్లలు రెండు పుల్లలతో బల్ల మీద దరువు వేసి నన్ను చూసి నవ్వేవారు. సేవకు వచ్చిన తర్వాత ఆ రెండు పుల్లలను నేను మళ్లీ ముట్టుకోలేదు. ఇది భక్తి అనుకున్నాను.

మన సంఘములో చాలామందిది ఇదే కథ. 1890లో రష్యా దేశము నుండి వచ్చిన ఫ్రీసెన్ దంపతులు నల్గొండలో బాప్టిస్టు మిషను పని ప్రారంభించినప్పుడైనా, అంతకు ముందు ఒంగోలులో క్లౌ దొరగారి దినములలోనైనా, ప్రభువు దగ్గరకు గుంపులుగా వచ్చినది మన మాదిగవాడల ప్రజలే. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. విగ్రహాలకు మ్రొక్కకూడదు, ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు అన్నవి క్లౌ గారు వారికి పెట్టిన మూడు నియమాలు. జాతరలో డప్పు కొట్టము అని చెప్పి దెబ్బలు తిన్న పెద్దల మాటలు మా ఇంట్లో చెప్పుకునేవారు. వారు విడిచినది విగ్రహాన్ని, వెట్టిని. ఆ ధైర్యానికి నేను తల వంచుతాను. కాని తర్వాతి తరము వాళ్లము, నా వంటివాళ్లము, వాయిద్యాన్నే అపవిత్రమనుకున్నాము. వాయించే మనిషిని కూడ కాస్త దూరముగా ఉంచాము. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నది.

ఆ రాత్రి బస్సులో చిన్నాయన నా పక్కనే కూర్చున్నాడు. చౌటుప్పల్ దాటేదాకా ఇద్దరము మాట్లాడలేదు. ఇంటికి వచ్చి నిర్గమకాండము 15వ అధ్యాయము తీశాను. ఎర్రసముద్రము దాటిన తర్వాత అహరోను సహోదరి మిర్యాము చేతిలో ఏమున్నది? మన తెలుగు బైబిలులో తంబుర అని ఉన్నది. తంబుర అనగానే మనకు తీగెల వాయిద్యము గుర్తుకు వస్తుంది. కాని హెబ్రీ భాషలో ఆ మాట తోఫ్. గుండ్రని చట్రానికి బిగించిన తోలు వాయిద్యమది, చేత్తో పట్టుకొని కొట్టేది. అరబ్బులు దఫ్ అనేది దాని బంధువే. అంటే వెట్టిచాకిరీ నుండి విడుదలైన ప్రజలు సముద్రము ఒడ్డున మొట్టమొదట ఎత్తుకున్న వాయిద్యము మన డప్పుకు అక్క వంటిది. 150వ కీర్తనలో దేవుని స్తుతించే వాయిద్యాల వరుసలో కూడ అదే మాట ఉన్నది. ముప్పై ఏండ్లుగా ఈ కీర్తన మీద ప్రసంగము చేస్తున్నాను. ఆ వరుసలో మా బాపును ఒక్కసారి కూడ చూడలేదు.

ఇలా సిగ్గుపడినది మనమొక్కరమే కాదు. అమెరికాలో బానిసత్వము పోయిన తర్వాత, విడుదలైన నల్లవారి కొరకు 1866లో నాష్‌విల్ పట్టణములో ఫిస్క్ అనే బడి తెరిచారు. అయిదేండ్లలో అది మూతపడే స్థితికి వచ్చింది. ఖజానా చూసుకొనే జార్జి వైట్ అనే ఆయన 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది విద్యార్థులతో పాటల బృందాన్ని కట్టి బయలుదేరాడు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. మొదట వారు తెల్లవారికి నచ్చే పాటలే ఎక్కువగా పాడేవారు. అమ్మానాన్నలు పత్తిచేలలో పాడుకున్న పాటలను నలుగురిలో పాడటానికి ఇష్టపడలేదు. ఆ బృందములో పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ ఈ సంగతి తానే చెప్పింది. ఆ పాటలు దాస్యాన్ని గుర్తు చేసేవి, పైగా వారి తల్లిదండ్రులకు అవి పవిత్రమైనవి. తమ చేతిలోనే డబ్బు లేని ఆ రోజుల్లో చికాగో పట్టణము కాలిపోయిందని విని, ఒక కచేరీలో వచ్చిన డబ్బు ఆ బాధితులకు ఇచ్చేశారు. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరమును బట్టి జూబిలీ సింగర్స్ అని పేరు పెట్టుకున్నారు. చివరకు జనుల హృదయాలను కదిలించినది ఏ పాటలు? ఏ పాటలకు సిగ్గుపడ్డారో అవే. 1873లో విక్టోరియా రాణి ముందర పాడారు. వారు సంపాదించిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు ఇప్పటికీ ఆ ప్రాంగణములో ఉన్నది. 1909లో ఆ బడి నుండి నలుగురు వెళ్లి ఆ పాటలను గ్రామఫోను రికార్డులకు పాడారు. ఆ రోజుల్లో అది కూడ అందరూ ఒకే గదిలో కలిసి పాడవలసిన పనే.

చదువరీ, ఒక మాట అడుగుతాను. మీ సంఘములో బయట బెంచీ మీద కూర్చున్నవారు ఎవరు? పాటకు పనికివస్తాడు కాని ఫోటోలో వద్దు అనిపించేవారు ఎవరు? నాకైతే ఆయన పేరు తెలుసు, ఆయన నా రక్తసంబంధి.

తెల్లవారి చిన్నాయన ఇంటికి పోయాను. "నిన్న నేనన్నది తప్పు చిన్నాయనా" అన్నాను. ఆయన చాయ తాగుతూ, "తప్పు సంగతి తర్వాత, ఏసీ బందు చేయిస్తవా?" అన్నాడు.

పిల్లలు మళ్లీ ఒక రోజు అద్దె కట్టారు. ఏసీ ఆపించాము. పార్కింగ్ స్థలములో పాత పేపర్లు, ఎండు కొబ్బరి మట్టలు వేసి మంట పెట్టాము. కాపలా అతను పరుగెత్తుకొచ్చి, సంగతి విని, తానే ఇంకో రెండు మట్టలు తెచ్చి వేశాడు. డప్పు కాచుకొని రెండంతస్తులు ఎక్కాలి, చల్లబడకముందే పాట అయిపోవాలి. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. హెడ్‌ఫోన్లలో ఆ టిక్కు టిక్కు చప్పుడు చిన్నాయనకు సరిపడలేదు. ఆయన దరువు మనిషి ఊపిరిని బట్టి కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు పోతుంది. నాలుగుసార్లు తప్పింది. అప్పుడు టీచరు అమ్మాయి, "తాతకు టిక్కు వద్దు. మనమే తాతను బట్టి పాడుదాము" అన్నది. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టారు. అద్దాల గది వదిలి అందరూ పెద్ద గదిలో ఆయన చుట్టూ నిలబడ్డారు. చెమటలు కారుతున్నవి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుండి. డప్పును అయిదుసార్లు కాచాము.

చివరిసారి కాచేటప్పుడు చిన్నాయన తన సంచిలోనుండి రెండవ డప్పు తీశాడు. అది మా బాపుది. అది ఆయన దగ్గర ఉన్నదని నాకు తెలియదు. ఒక చేతిలో సిర్ర, ఒక చేతిలో సిటికెన పుల్ల పెట్టి, "అయ్యగారు కాకముందు నువ్వు కొట్టెటోనివే గద" అన్నాడు. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు.

ఆ పాట ఆల్బములో ఆరవది. మీరు వింటే, రెండవ చరణము తర్వాత వెనుక ఇంకొక డప్పు వినబడుతుంది. ఒకచోట స్పష్టంగా తడబడుతుంది. ఇంజనీరు దాన్ని కోసివేస్తానన్నాడు, పిల్లలు ఒప్పుకోలేదు.

వచ్చే వారము ఇదే సమయానికి దినవృత్తాంతముల రెండవ గ్రంథము 5వ అధ్యాయము ధ్యానిద్దాము. మందసము మందిరములోనికి వచ్చిన దినాన బూరలు ఊదిన 120 మంది యాజకులను గూర్చి. 11వ వచనము నుండి చదివి సిద్ధముగా ఉండండి. అంతవరకు ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.