మునుగుడు కోడి

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రాజమార్గం మీద దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్, హయత్‌నగర్ గడచిన తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. ఆ వైపు చెరువుల కట్టమీద ఉదయంపూట పది నిమిషాలు కదలక నిలబడగలవారికి ఒక చిన్న వినోదం లభించవచ్చును. నీటి నడుమ దోసెడంత గోధుమరంగు పిట్ట ఒకటి తేలుతూ ఉంటుంది. చూస్తుండగానే మాయమౌతుంది. మునిగినచోటనే చూపు నిలిపితే లాభంలేదు. మనం అనుకోని దిక్కున, కొన్ని గజాల అవతల, బుడగవలె పైకి వస్తుంది. ఇదే మునుగుడు కోడి.

కోడి అన్నారేగాని కోడిజాతికీ దీనికీ చుట్టరికం లేదు. ఇంగ్లండులోనూ దీనిని ‘డాబ్‌చిక్’ అంటారు. అదీ మునిగే కోడిపిల్ల అన్న అర్థమే. పొరపాటులో మనకు తోడున్నారన్నమాట! తోక లేనట్లే ఉండడంచేత బాతుపిల్ల అని భ్రమించేవారు కూడా కలరు. బాతు వ్రేళ్ళను చర్మం కలిపి ఉంచుతుంది. దీని వ్రేళ్ళకు దేనికదే ఆకువంటి అంచులుంటవి. కాళ్ళు దేహానికి బాగా వెనుక, ఓడకు మరచక్రం అమర్చినట్లుంటవి. అందుచేత నీటిలో ఎంత చురుకో నేలమీద అంత అసహాయం. ఈకలు అదుముకొని, వాటి నడుమనున్న గాలిని వెడలించి, చప్పుడు లేకుండా క్రుంగిపోవడం దీని విద్య. నీటిపురుగులు, తోకకప్పలు, చిరుచేపలు దీని ఆహారం.

వానలకు చెరువు నిండిన తరువాత ఆడ, మగ రెండింటికీ బుగ్గలూ మెడా ఇటుకరంగు తేరుతవి. ముక్కు మొదట లేత పసుపుచుక్క మెరుస్తుంది. అప్పుడే ఆ సన్నని, గడగడమనే కూత, ఎవరో నవ్వును ఆపుకోలేకపోయినట్లు, తుంగలోనుండి వినవస్తుంది.

దీని గూడు విచిత్రమైనది. నాచు, కుళ్ళిన ఆకులు కుప్పవేసి, జమ్ముకాడలకు తగిలించి, నీటిమీదనే తేలగడుతుంది. నీరు జానెడు పెరిగితే గూడూ జానెడు లేస్తుంది. గ్రుడ్లు పెట్టినప్పుడు తెల్లనివి. తడి ఆకుల మరక పట్టి మట్టిరంగౌతవి. అలికిడి కాగానే తల్లి వాటిపై ఆకులు కప్పి నీటిలోకి జారుతుంది. మనకు కనిపించేది చెత్తకుప్ప మాత్రమే. తల్లీ తండ్రీ వంతులవారీగా సుమారు మూడు వారాలు పొదుగుతవి. చారల పిల్లలు తల్లి వీపునెక్కి, రెక్కల సందున తలలు మాత్రం పైకి పెట్టి, చెరువంతా ఊరేగుతవి.

కాని నీరు ఒక్కసారిగా తీసిపోతే గూడు బురదమీద కూర్చుంటుంది. కుక్కకూ కాకికీ దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఈ ప్రాంతానికి నగరం ప్రాకి వచ్చింది. పెద్ద అంబర్‌పేట వద్ద అవుటర్ రింగురోడ్డు రాజమార్గాన్ని కలుస్తున్నది. చెరువును బాగుచేయడమంటే చుట్టూ రాయి పరచి, తుంగా జమ్మూ మొదలంటా పెరికివేయడమే అని తలచేవారున్నారు. నీరు అందంగా కనబడుతుంది, నిజమే. గూడు తగిలించడానికి ఒక్క కాడ మిగలదు. నేలమీద నడవలేని పిట్ట గట్టుమీద గూడు కట్టుకోలేదు గదా! గుర్రపుడెక్క చెరువంతా కమ్మినా కష్టమే. మునగడానికి తేటనీరు కావలె. ఒక మూల కొన్ని బారల జమ్ము విడిచిపెట్టి, వానాకాలంలో అటు వలలు వేయకుంటే చాలును.

చూడగోరేవారు శ్రావణ భాద్రపదాలలో సూర్యోదయానికి పోవలెను. ముందు ఆ నవ్వు వినండి. తరువాత అది వచ్చిన దిక్కుకు కాక, దానికి కొంచెం ప్రక్కగా చూడండి.