నెమ్మదిగా చూడవలసిన చిత్రము

టెలివిజనులో ఒకరాత్రి ప్రసారమై, పిదప మరుగునపడిన చిత్రములు కొన్ని కలవు. 1974 మార్చిలో బి.బి.సి. ప్రసారము చేసిన ‘పెండాస్ ఫెన్’ అట్టిది. రచయిత డేవిడ్ రడ్కిన్. దర్శకుడు అలన్ క్లార్క్. ఇంగ్లండులో మాల్వర్న్ కొండల చెంత నొక మతగురువు ఇంట పెరిగిన స్టీఫెనుకు పదునెనిమిదేండ్లు నిండనున్నవి. మతము, దేశము, తన పుట్టుక: నిశ్చయమని నమ్మినవన్నియు ఒక్కొక్కటిగా సడలును. స్వరకర్త ఎల్గార్, ప్రాచీనరాజు పెండా అతనికి కనిపింతురు. అది కలయో నిజమో చిత్రము చెప్పదు.

మొదట మేమును విసిగితిమి. కాని రాగాలాపన వినుచు ‘ఇందు కథ యేది?’ అని యడుగము గదా! అట్లే వెదకులాట మాని ఆ బాలుని సంశయమునే అనుసరించితిమి. మా నమ్మకములను మేమే ప్రశ్నించుకొనవలసివచ్చినది. 2016 నుండి ఈ చిత్రము డిస్కుగా లభించినది. అర్థము కాలేదని తొందరపడక, రెండవమారు చూడుడు.