తెల్లరంగు దాచనిది

ఈరోజు ఏరోనాటికల్ ఇంజినీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

విమానాలకు తెల్లరంగే ఎందుకని అడిగితే, ఎండను తిప్పికొడుతుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ జవాబుకు ఉన్న బరువు కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం దగ్గర తెలుస్తుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో దూసుకెళ్తుంటే, ఎదురుగా ఉన్న గాలి నొక్కుకుపోయి దాని ముక్కు 127 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కేది. ఎండ వేడి కూడా తోడవకూడదనే దానికి ప్రత్యేకమైన తెల్లరంగు వేశారు. 1996లో పెప్సీ ప్రచారం కోసం ఎయిర్ ఫ్రాన్స్ వారి కాంకార్డ్ ఒకదానికి నీలిరంగు పూశారు. ఇంధనం ఉండే రెక్కల జోలికి మాత్రం పోలేదు, వాటిని తెల్లగానే ఉంచారు. అయినా ఆ రెట్టింపు వేగంతో 20 నిమిషాలకు మించి ఎగరకూడదని షరతు పడింది.

మరి అంతకంటే వేగంగా, ధ్వనికి 3 రెట్లు మించి ఎగిరిన ఎస్‌ఆర్-71 నిఘా విమానం నల్లగా ఎందుకుంది? అంత వేగంలో ఎండ వేడి లెక్కలోకి రాదు. గాలి వల్ల పుట్టిన వేడే అసలు సమస్య. నల్లటి పూత దాన్ని బాగా బయటికి వెదజల్లుతుంది. వేడి ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకున్నాకే దాని రూపకర్తలు రంగు ఎంచుకున్నారు. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం.

మామూలు ప్రయాణికుల విమానానికి తెలుపు చేసే పెద్ద మేలు, నా దృష్టిలో, హ్యాంగర్‌లో కనిపిస్తుంది. కారిన నూనె, తుప్పు మరక, సన్నటి పగులు తెల్లటి ఒంటి మీద దాగలేవు. కానీ వాటిని చూసే మనిషి కావాలి.

1988 ఏప్రిల్ 28న హవాయిలో హిలో నుంచి హొనొలులు వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు, 24,000 అడుగుల ఎత్తులో, సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణాలు కోల్పోయారు. పైలట్లు విమానాన్ని మావీ దీవిలో దించగలిగారు. ఆ విమానం ఎక్కేటప్పుడే తలుపు దగ్గర పగులు ఒక ప్రయాణికురాలి కంట పడింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమెను నేను తప్పుపట్టను. పగుళ్లు వెతకడం ఆమె పని కాదు. దర్యాప్తు కూడా వేలెత్తి చూపింది సంస్థ నిర్వహణ తనిఖీలనే.

మీలో చాలామంది రేపు ఆ తనిఖీ కాగితాల మీద సంతకాలు పెడతారు. విమానం ఆలస్యమవుతోందని పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, కనిపించిన మరక ఎక్కణ్నుంచి వచ్చిందో తేలేదాకా కలం తీయకండి. మీ అందరినీ నేను కోరేది ఇదొక్కటే.