దిగులు కూడా జబ్బే, దానికీ మందుంది
(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మానసిక రుగ్మతల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరినప్పుడు, "డాక్టరు గారిని పిలవండి, నేను ట్రెజరీలో బిల్లులు పాసు చేసినవాణ్ణి" అన్నాను. "మీరు పడి లేచారు కదా, అదే చెప్పండి" అన్నారు. కనుక చెబుతున్నాను.

రిటైరైన ఎనిమిది నెలలకు నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం మొదలైంది. అన్నం సయించేది కాదు. పేపరులో ఒకే వార్త నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. జన్మంతా లెక్కలు చూసినవాణ్ణి, పాలవాడి లెక్క తప్పాను. మతిమరుపు జబ్బేమోనని భయపడ్డాను. మా ఇంటావిడ "పనిలేక ఇలా అయ్యారు, గుడికి వెళ్ళి రండి" అనేది. గ్యాసుకు ఒకరు, బలానికి ఒకరు మందులిచ్చారు. ఒక రాత్రి, నేను పోతే వీళ్ళకు ఫ్యామిలీ పెన్షన్ ఎంత వస్తుందో లెక్క వేసుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. తెల్లవారాక మా అబ్బాయితో అనేశాను. వాడు ఆ రోజే సెలవు పెట్టి నన్ను మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు.

డాక్టరు గారు మొదట రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, కొన్ని మందుల వల్లా ఇలాగే ఉంటుందట. అవేవీ లేవని తేలాక, ఇది డిప్రెషన్, అంటే కుంగుబాటు అన్నారు. రెండు వారాలకు మించి రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడడం దాని లక్షణాలు. కారణం ఒక్కటి కాదు. మెదడు పనితీరులో మార్పులు, వంశంలో ఉండడం, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం, జీవిత భాగస్వామి పోవడం, ఒంటరితనం, అన్నీ చేరవచ్చు. మనలాంటి వారికి కుర్చీతోపాటు రోజుకొక పద్ధతీ, పలకరించే మనుషులూ కూడా పోతారు. ఇందులో పిరికితనమూ లేదు, పాపమూ లేదు.

చికిత్స గురించి మూడు మాటలు. జబ్బు స్వల్పంగా ఉంటే కౌన్సెలింగ్ సరిపోవచ్చు. ఎక్కువగా ఉంటే మందులు కూడా కావాలి. మందు రెండు మూడు రోజుల్లో పనిచేయదు, రెండు నుండి నాలుగు వారాలు ఓపిక పట్టాలి. పెద్దవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. రక్తంలో సోడియం తగ్గే ప్రమాదముంది కనుక డాక్టరు చెప్పిన పరీక్షలు మానకూడదు. నేను చేసిన తప్పు మీరు చేయకండి. మూడో నెలలో కులాసాగా ఉందని నా అంతట నేనే మానేశాను. నెల తిరక్కుండా మళ్ళీ మంచమెక్కాను. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలని అప్పుడు తెలిసింది. పక్కింటివారి నిద్రమాత్ర అడిగి వేసుకోవడం అంతకన్నా ప్రమాదం. రాత్రివేళ తూలిపడి తుంటి విరగవచ్చు.

మందుతోపాటు డాక్టరు గారు నాకొక నోటుబుక్కు పెట్టించారు. ఉదయం నడక, ఒక స్నేహితునితో మాట, ఇంట్లో ఒక పని, ఈ మూడూ చేసి రాయాలి. బుద్ధి పుట్టాక చేయడం కాదు, చేస్తే బుద్ధి పుడుతుంది అన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పాలలెక్క కూడా అందులోనే రాస్తున్నాను, తప్పడం లేదు!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తింపజేయాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చివరిగా ఒక్క మనవి. ఇవాళ మన మధ్య కొన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రాని వారింటికి ఈ వారంలో ఒకసారి వెళ్ళండి. "ధైర్యంగా ఉండండి" అని చెప్పి లేచి రాకండి. నిద్ర పడుతోందా అని అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. అవసరమైతే ఆసుపత్రికి తోడు వెళ్ళండి. నాకు మా అబ్బాయి ఉన్నాడు. అబ్బాయి దూరదేశంలో ఉన్నవారికి మనమే ఉన్నాం.