నర్సమ్మ అడిగే ప్రశ్న, మనము చెప్పే జవాబు
(శతవార్షికోత్సవముల సందర్భమున స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవ కూటములలో వైద్య పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరినారు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు 1898లో ఆసుపత్రి తెరచిన సంగతి మనలో అనేకులకు తెలిసినదే. కట్టడముల చరిత్రను ఇతరులకు విడిచి, మందు కంటె ముందు జరిగే ఒక చిన్న పనిని గూర్చి మేము చెప్పదలచినాము. నర్సమ్మ మంచము ప్రక్కన నిలిచి రోగిని ప్రశ్నలు అడిగి, చూచి, తాకి, వ్రాసికొనే పని అది. మేము వైద్యులము కాము. పరామర్శకు వార్డులలో తిరిగేటప్పుడు చూచినది, నర్సులను అడిగి తెలిసికొన్నది మాత్రమే చెప్పుచున్నాము.

"ఎన్నిసార్లు అడుగుతారమ్మా, చీటీలో వ్రాసియున్నది గదా!" అని మనము విసుగుకొంటాము. అయితే ప్రశ్న అడుగుట ఒక విద్య. ఫ్లారెన్సు నైటింగేలు అమ్మగారు 1859 నాటి తన నర్సింగు గ్రంథములో ఈ సంగతి వివరించినారు. రాత్రి బాగా నిద్ర పట్టినదా అని అడిగితే ప్రయోజనము లేదన్నారు. ఒకరికి పది గంటలు ఏకధాటిగా పడితేనే బాగా పట్టినట్లు. మరొకరికి మధ్యమధ్య కునుకు తీసినను చాలును. కాబట్టి ఎన్ని గంటలు, ఏ వేళలో అని అడుగవలెను.

మంచి నర్సు మొదట "ఏమి బాధ, మొదటినుండి చెప్పండి" అని విడిచిపెడుతుంది. తరువాత ఎక్కడ, ఎప్పటినుండి, ఏమి చేస్తే ఎక్కువగును, ఏమి చేస్తే తగ్గును అని అడుగుతుంది. మన మాటలకు అర్థములు అనేకము గదా! "గ్యాసు పట్టింది" అంటాము. అది గ్యాసే కావచ్చును. ఎద మీద బరువు పెట్టినట్లుండి, ఎడమ చేతికో దవడకో ప్రాకి, చెమటలు పోస్తే గుండెపోటు కావచ్చును. "కళ్ళు తిరుగుచున్నవి" అంటాము. ఇల్లంతా గిర్రున తిరుగుట వేరు, లేచి నిలువగానే చీకట్లు క్రమ్ముట వేరు. రెండవదైతే నర్సు పండుకొన్నప్పుడు, నిలుచున్నప్పుడు రక్తపు పోటు చూస్తుంది. నిలిచిన మూడు నిమిషములలో పై అంకె 20 గాని అంతకు మించి గాని పడిపోతే కారణము వెదుకుతారు. ఒక్కొక్కసారి మనము మ్రింగే బి.పి. మాత్రయే కారణము.

ఈ విద్య వయస్సును బట్టి మారుచుండును.

పుట్టిన బిడ్డకు మాట లేదు. వర్జీనియా ఆప్గారు అను అమెరికా వైద్యురాలు 1953లో ప్రకటించిన పద్ధతి చొప్పున, బిడ్డ పుట్టిన ఒక నిమిషమునకు, అయిదు నిమిషములకు అయిదు సంగతులు చూస్తారు: గుండె కొట్టుకొనుట, ఊపిరి, కండరముల బిగువు, తాకితే కదలుట, ఒంటి రంగు. ఒక్కొక్క దానికి సున్న నుండి రెండు మార్కులు. దగ్గుతో వచ్చిన పసిబిడ్డకు నర్సు ఒక పూర్తి నిమిషము ఊపిరి లెక్కించును. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40, ఆ లెక్కకు చేరినా మించినా అది వేగపు ఊపిరి, న్యుమోనియా అనుమానము. కాబట్టి ఆమె గడియారము పట్టుకొని బిడ్డ రొమ్ము వైపు చూచుచుండగా మాటలాడించకండి, లెక్క తప్పును. "బిడ్డ మునుపటివలె లేడు" అని తల్లి అంటే ఆ మాటను తేలికగా తీసికొనరాదని కూడ వారికి నేర్పుతారు.

కొంచెము పెద్ద పిల్లలను తల్లి ఒడిలోనే ఉంచి, ఏడ్పు తెప్పించే చెవి, గొంతు పరీక్షలు చివరకు పెట్టుకొంటారు. నొప్పి ఎంత అంటే చెప్పలేని వానికి నవ్వు మొగము మొదలు ఏడ్పు మొగము వరకు బొమ్మలు చూపి "నీది ఏది?" అంటారు. మనమో, "అల్లరి చేస్తే సూది పొడిపిస్తాను" అని ఇంటివద్దనే బెదిరించి, నర్సును రాక్షసిని చేసి పంపుచున్నాము. ఇది మానవలెను.

యౌవనస్థుల దగ్గర నర్సు "అమ్మా, మీరు కొంచెము బయట కూర్చుండండి" అంటుంది. తలిదండ్రులకు కోపము వస్తుంది. నెలసరి సంగతి, పొగాకు, మద్యము, పరీక్షల భయము, బ్రదుకు మీద విరక్తి – ఇవి తండ్రి ఎదుట ఏ బిడ్డ చెప్పగలదు? "చచ్చిపోవాలని తోచినదా?" అని అడిగితే లేని తలంపు పుట్టునని కొందరి భయము. అట్లు పుట్టదు, అడిగినవారు దొరికినందుకు బిడ్డ బరువు దించుకొనును. ప్రాణాపాయమున్న సంగతి మాత్రము దాచలేమని ముందుగానే చెప్పుట మంచి నర్సుల పద్ధతి.

కోడలిని అడిగితే అత్తగారు, భార్యను అడిగితే భర్త జవాబు చెప్పుట మనలో వాడుక. ఆఖరి ముట్టు ఎప్పుడు, ఇంట్లో ఎవరైనా కొట్టుచున్నారా అను ప్రశ్నలకు నిజము ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే వచ్చును. మగవారి సంగతి మరొకటి. "మద్యము అలవాటున్నదా?" అంటే, ప్రక్కన సంఘ పెద్దలు నిలిచియుండగా "మా ఇంటా వంటా లేదు" అంటారు. ప్రతిదినము ఎక్కువగా త్రాగేవాడు ఆపరేషను కొరకు చేరి హఠాత్తుగా మానితే, రెండు మూడు దినములలో వణుకు, మతిభ్రమ, మూర్ఛలు రావచ్చును, ప్రాణమే పోవచ్చును. ముందు తెలిస్తే మందులతో కాపాడగలరు. కాబట్టి ఆ ప్రశ్నలు మొదలైనప్పుడు మేము కాపరులమైనను వార్డు బయటికి వెళ్ళి నిలుచుండుచున్నాము. మా ఎదుట మంచి పేరు కొరకు చెప్పిన అబద్ధము రోగి ప్రాణము మీదికి రాకూడదు.

ఇక వృద్ధులు. వీరికి జ్వరము లేకుండ న్యుమోనియా, ఎదనొప్పి లేకుండ గుండెపోటు రావచ్చును. నిన్నటివరకు తెలివిగా మాటలాడిన అవ్వ నేడు పొంతన లేకుండ మాటలాడితే "ముసలితనము, చాదస్తము" అనకండి. ముసలితనము రెండు దినములలో రాదు. మూత్రములో ఇన్ఫెక్షను, ఒంటిలో నీరు తగ్గుట, క్రొత్త మందు – ఏదో ఒకటి ఉండును. ఎప్పటినుండి అను ప్రశ్నకు ఇంటివారే జవాబు చెప్పగలరు. కళ్ళజోడు, చెవి మిషను వెంట తీసికొనిపోండి.

మన తల్లులకు మరొక అలవాటున్నది. ఏమి అడిగినను "బాగానే ఉన్నానమ్మా" అంటారు. కుమారునికి ఖర్చు అగునని ఆమె దిగులు. తెలిసిన నర్సు ఆ జవాబుతో ఆగదు. "మొన్నటిదాకా చేసికొని, ఇప్పుడు చేసికొనలేని పని ఏది?" అంటుంది. అప్పుడు బిందె ఎత్తలేకపోవుట, గుడి మెట్ల మీద ఆయాసము ఒక్కొక్కటిగా బయటికి వచ్చును.

కాబట్టి మేము కోరేది ఇది. ప్రతి ఇంటిలో ఒక కాగితము మీద పడని మందులు, జరిగిన ఆపరేషనులు, వాడుచున్న మాత్రలు వ్రాసిపెట్టుకొనండి. ఆసుపత్రికి పోయేటప్పుడు మందులన్నియు సంచిలో వేసికొనిపోండి. ఆకు పసరు వాడినను దాచవద్దు. రోగిని అడిగిన ప్రశ్నకు రోగినే చెప్పనీయండి. బయటికి పొమ్మంటే నొచ్చుకొనకండి. పరామర్శకు పోయిన మనము కూడ "బాగున్నావా?" అని అడిగి, "బాగున్నాను" అనిపించుకొని వచ్చుటతో తృప్తిపడక, కుర్చీ దగ్గరకు లాగికొని కూర్చుండి, "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయినావు?" అని అడిగి, జవాబు పూర్తియగువరకు విందము.