చెప్పిన మాట, రాసిన పద్దు

(నెల్లూరులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఏ మాస్టారి జ్ఞాపకార్థం మనమిక్కడ కూర్చున్నామో, ఆయన కావలిలోనూ నెల్లూరులోనూ తరాల పిల్లలకు కామర్సు చెప్పారు. పద్దు రాయమంటే ముందు ‘ఎవరి డబ్బు?’ అని అడిగించేవారు, ‘ఎంత?’ అన్నది ఆ తర్వాతే. విషయం నన్నే ఎంచుకోమన్నారు కాబట్టి ఆ మొదటి ప్రశ్ననే పట్టుకున్నాను. టెక్నాలజీ కంపెనీలు పెట్టి వేల కోట్లకు ఎదిగిన పెద్దమనుషులు విలువల గురించి చాలా మాట్లాడుతున్నారు. వాళ్ల వ్యాపార నిర్ణయాలు ఆ మాటల ప్రకారమే నడుస్తున్నాయా?

ఈ చర్చ ఇప్పుడు ఎక్కువగా అమెరికా వాళ్ల మీద నడుస్తోంది. భావప్రకటనా స్వేచ్ఛకు తనంత గట్టి మనిషి లేడని చెప్పుకున్న ఎలాన్ మస్క్ 2022 అక్టోబరులో 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్ కొన్నారు. రెండు నెలలు తిరగకుండానే, ఆయన సొంత విమానం జాడ గురించిన గొడవలో, కొందరు విలేకరుల ఖాతాలు అక్కడ కొన్నాళ్లు మూతపడ్డాయి. ఇలాంటివి ఇంకా చెప్పుకోవచ్చు. కానీ సముద్రాలు దాటి వెళ్లడమెందుకు? మన పిల్లలు అమీర్‌పేటలో కోర్సులు చేసి ఉద్యోగం కోసం వరస కట్టిన కంపెనీ, పెళ్లిచూపుల్లో అబ్బాయి పేరు కంటే ముందు చెప్పుకున్న కంపెనీ ఒకటుండేది, సత్యం. దాని యజమాని బైర్రాజు రామలింగరాజు. నేను మాట్లాడేది ఆయన గురించి. కంపెనీ పేరు మీద చమత్కారాలు ఇప్పటికే అందరూ చేశారు, నేను వాటి జోలికి పోను.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. భీమవరం ప్రాంతపు రైతు కుటుంబం. అమెరికాలో ఎంబీఏ చేసి వచ్చి నూలు మిల్లు, నిర్మాణాలు చూసి 1987లో సత్యం కంప్యూటర్స్ పెట్టారు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కారు. తండ్రి పేరిట ఆ ఏడాదే బైర్రాజు ఫౌండేషన్ పెట్టి పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు, బళ్లు, వైద్యం చేపట్టారు. ఉద్యోగిని ఉద్యోగి అనకుండా అసోసియేట్ అనేవారు. ఉద్యోగి, మదుపరి, కస్టమరు, సమాజం నలుగురూ సంతోషించాలన్నది కంపెనీ అధికారిక సూత్రం. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా అందింది. నాలుగు నెలల తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు.

108 అంబులెన్సు సేవ దగ్గర కాసేపు ఆగుతాను. మన తీరం వాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవను నడిపిన ఈఎంఆర్ఐ సంస్థను పెట్టింది రామలింగరాజు కుటుంబమే. బకింగ్‌హామ్ కాలువకు అవతల ఏ పట్టపుపాలెంలోనో ఆడమనిషికి నొప్పులొస్తే అంతకుముందు ఆటో దొరకాలి, లేదంటే మంచం కట్టి మోయాలి. 108 వచ్చాక ఎవరి సెల్లు నుంచైనా మూడు అంకెలు నొక్కితే హైదరాబాదు పక్కన దేవరయాంజాల్‌లో ఒక గొంతు పలికేది. ఊరేది, రోడ్డు ఎందాకా ఉంది, గుర్తుగా గుడి ఉందా బడి ఉందా అని అడిగేది. బండిలో వచ్చే డ్రైవర్ని పైలట్ అనేవారు, పక్కన అత్యవసర వైద్యం తెలిసిన ఈఎంటీ ఉండేవాడు. ఫోను ఎన్నింటికి మోగింది, బండి ఎన్నింటికి కదిలింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మనిషిని ఏ ఆసుపత్రిలో దించారు, అన్నీ కంప్యూటర్లో నమోదయ్యేవి. ఆ మనిషి బతికాడా అని తర్వాత ఫోన్ చేసి కనుక్కునేవారు కూడా.

అది ఆయన సొంత డబ్బుతో నడిచిందనుకునే వాళ్లున్నారు. మొదట్లో కుటుంబం పెట్టుబడి ఉన్న మాట నిజమే. కానీ కొద్ది కాలానికే నిర్వహణ ఖర్చులో 95 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించింది. దీన్ని తప్పుబట్టడం లేదు. ప్రజల డబ్బు కాబట్టే ప్రతి కిలోమీటరుకూ లెక్క చెప్పవలసి వచ్చింది, లెక్క చెప్పగల పద్ధతిని ఆయన మనుషులు తయారుచేసి చూపించారు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్ల బోర్డు ఒక నిర్ణయం తీసుకుంది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనాలని. ఒకటి స్థిరాస్తి కంపెనీ, ఇంకొకటి నిర్మాణ కంపెనీ, రెండూ రాజుగారి కుమారులు చూసుకునేవి. ఆ రెండింటిలో కుటుంబానికి మూడో వంతుకు పైగా వాటా ఉంది. కొంటున్న సత్యంలో మాత్రం అప్పటికి కుటుంబం వాటా తొమ్మిది శాతం లోపే. మాస్టారి ప్రశ్న ఇక్కడ వేయండి. ఎవరి డబ్బు? వందలో తొంభై ఒక్క రూపాయలు బయటివాళ్లవి. ఎవరి చేతికి? ఇంటివాళ్ల చేతికి. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్పుతో పేరొచ్చిన వినోద్ ధామ్, మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్, ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు వంటి వాళ్లున్నారు. ప్రశ్నలు అడిగారు, ఆఖరికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మార్కెట్టు. న్యూయార్కులో షేరు సగానికి పైగా పడిపోయింది, తెల్లారేసరికి నిర్ణయం వెనక్కి పోయింది.

విలువల మాటకూ వ్యాపార నిర్ణయానికీ పొంతన లేదని జనం కళ్లారా చూసింది ఆ రాత్రే. అసలు సంగతి ఇంకా బయటపడలేదు.

2009 జనవరి 7న ఆయన బోర్డుకు ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. దాని మీద వచ్చినట్టు రాసిన 376 కోట్ల వడ్డీ కూడా లేదు. కట్టాల్సిన 1,230 కోట్ల బాకీని చూపలేదు. రావలసిన బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చూపారు. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభం చూపితే నిజంగా వచ్చింది 61 కోట్లు. పులి మీద సవారీలా అయింది, దిగితే తినేస్తుంది అన్న ఆయన మాట పత్రికలన్నిటికీ శీర్షికయింది. మేటాస్ కొనుగోలు కూడా లేని ఆస్తి చోట ఉన్న ఆస్తిని పెట్టే ఆఖరి ప్రయత్నమని అందులోనే రాశారు.

నన్ను ఎక్కువగా ఆపింది ఆ పులి కాదు. అదే ఉత్తరంలో ఇంకో వాక్యముంది: గత ఎనిమిదేళ్లలో తానుగానీ తమ్ముడుగానీ, భార్యలుగానీ షేర్లు అమ్ముకోలేదని, దాతృత్వం కోసం ప్రకటించి అమ్మిన కొద్ది భాగం తప్ప అని. నేరం ఒప్పుకునే కాగితంలో కూడా దాతృత్వం ఒక మినహాయింపు పద్దుగా వచ్చి కూర్చుంది. 2001లో నాలుగో వంతుకు పైగా ఉన్న కుటుంబం వాటా తొమ్మిది శాతం లోపుకు దిగింది. షేర్ల అమ్మకాలూ తాకట్లూ విచారించిన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో రామలింగరాజునూ మరి నలుగురినీ 14 ఏళ్లు మార్కెట్ల నుంచి వెలివేసి, అక్రమ లాభం కింద 1,849 కోట్లు వడ్డీతో కట్టమంది. ఉబ్బించిన లాభం షేరు ధరను పెంచింది, ఆ ధర మీద అమ్మకాలు జరిగాయి, తాకట్లు జరిగాయి. మూడు వందలకు పైగా చిన్నా చితకా కంపెనీల పేరిట భూములు పోగయ్యాయని దర్యాప్తు సంస్థలు తేల్చాయి.

అందువల్ల ‘మాట ఒకటి, చేత ఒకటి’ అనే మామూలు తీర్పు నాకు సరిపోదు. మాట చేతకు ఎదురుగా లేదు, చేతకు పెట్టుబడిగా ఉంది. విలువల కంపెనీ అనే పేరు షేరు ధరలో కలిసే ఉంది. ఆ పేరు లేకుంటే అంత నగదు చేతిలో ఉన్న కంపెనీ డివిడెండు ఎందుకు పెంచడం లేదని, దాన్ని బ్యాంకులో ఎందుకు మూలుగనిస్తోందని ఎవరో ఒకరు గట్టిగా అడిగేవారు.

బ్యాంకు కొలువులో జీవితం గడిపినవాణ్ణి కాబట్టి ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. ఏటా మార్చి దాటాక ఆడిటర్ల దగ్గర నుంచి బ్రాంచికి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఉత్తరాలు వస్తాయి. ఫలానా కంపెనీ ఖాతాలో ఫలానా తేదీకి ఎంత ఉంది, డిపాజిట్లెన్ని, వాటి మీద అప్పులున్నాయా అని. ఆఫీసరు లెడ్జరు చూసి అంకె రాసి, సంతకం పెట్టి, ముద్రేసి నేరుగా ఆడిటరు చిరునామాకే పంపాలి. ఈ లోపు కంపెనీ మనిషి ఒకడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ‘సార్, పోస్టు ఎందుకు, నా చేతికివ్వండి, ఇటే పోతున్నా, ఇచ్చేస్తాను’ అంటాడు. చాలాసార్లు వాడు మంచివాడే. కానీ ఆ కవరు వాడి చేతికి వెళ్లిన క్షణంలో ఆడిట్ అయిపోయినట్టే. సత్యం విషయంలో సెబీ 2018లో ఇచ్చిన ఉత్తర్వు చెప్పిందేమంటే, కంపెనీ అందించిన ధ్రువపత్రాల్లో ఉన్న అంకెలు వేరు, కొన్ని బ్యాంకులు నేరుగా పంపిన వాటిలోని అంకెలు వేరు. రెండో కాగితాన్ని పట్టించుకున్న వాళ్లు లేరు. సత్యం ఆడిటరు ప్రైస్ వాటర్‌హౌస్ మీద సెబీ అప్పుడు పెట్టిన రెండేళ్ల నిషేధాన్ని తర్వాతి ఏడాది అప్పీళ్ల ట్రిబ్యునల్ కొట్టేసిందని కూడా చెప్పాలి.

మన ఇస్కపల్లి, మైపాడు వైపు రొయ్యల రైతు పంట మధ్యలో ఎన్ని టన్నులుందంటే ఎంతైనా చెబుతాడు. మేత కంపెనీ అప్పు పెంచాలి కదా. చెక్ ట్రేలో మేత మిగిలిందా, విసురువలలో ఎంత కౌంట్ వచ్చింది అన్నవి అంచనాలే. అయితే పట్టుబడి రోజున కాటా ఉంటుంది. కొనేవాడు బయటివాడు, తూకం ముందు ఎవరి మాటా చెల్లదు. సత్యం చెరువుకు పట్టుబడి రోజంటూ రాలేదు, రానివ్వలేదు. రాబడిగా చూపడానికి వేల సంఖ్యలో దొంగ ఇన్వాయిస్‌లు పుట్టించారని, ‘సూపర్ యూజర్’ అనే ప్రత్యేక అధికారంతో వాటిని మిగతా విభాగాలకు కనపడకుండా దాచారని సీబీఐ అభియోగం. లేని ఆదాయం మీద ఉన్న డబ్బుతో పన్ను కూడా కట్టారు.

ఇప్పుడు 108ని మళ్లీ తలుచుకోండి. ఒకే యజమాని ఛత్రం కింద రెండు కంప్యూటర్ వ్యవస్థలు పనిచేశాయి. ఒకదానిలో ఏ పాలెం నుంచి వచ్చిన ఫోనూ జాడ లేకుండా పోవడానికి వీల్లేదు. రెండోదానిలో అవసరమైన జాడను మాయం చేసే మీట ఉంది. ఆయనకు నిజాయితీ తెలియదనడం కుదరదు, దాన్ని యంత్రంలో ఎలా బిగించాలో దేశంలో అందరికంటే బాగా తెలుసు. ఒకచోట లెక్క అడిగేవాడు బయట ఉన్నాడు, బిగించారు. ఇంకోచోట అడగవలసిన డైరెక్టర్లు, ఆడిటర్లు ఆయన మంచితనాన్నే సాక్ష్యంగా తీసుకున్నారు.

‘అయినా 108 మిగిలింది కదా’ అని నాతో వాదించే మిత్రులున్నారు. మిగిలింది. 2009లో జీవీకే చేతికి వెళ్లింది, తర్వాత చేతులు మారింది, బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ సేవను కలగన్నందుకు ఆయనకు దక్కాల్సిన పేరు దక్కాలి, నేను తగ్గించను. కాకపోతే ఆ మంచిని తెచ్చి ఈ ఖాతాలో జమ వేయకూడదు. ప్రత్యేక న్యాయస్థానం 2015 ఏప్రిల్ 9న ఆయనకు ఏడేళ్ల జైలు, జరిమానా విధించినప్పుడు అలా జమ వేయలేదు. సేవను చూసి శిక్ష తగ్గించమన్న విన్నపంతో నేరం చెరిగిపోలేదు. మరుసటి నెల పై కోర్టు శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది.

కొత్త చట్టం మాట రెండు ముక్కల్లో. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను కొన్నేళ్లకొకసారి మార్చాలంది. పరిమితి దాటిన సొంత మనుషుల లావాదేవీలకు వాటాదారుల ఓటు కావాలంది, లాభం ఉన్నవాడు ఆ తీర్మానం మీద ఓటు వేయరాదంది. ఇవి సత్యం నేర్పిన పాఠాలు. అదే చట్టం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలని కూడా అంది. దీనివల్ల పల్లెలకు మేలు జరిగింది, కాదనను. కానీ చట్టప్రకారం కట్టే డబ్బుకు ఫ్లెక్సీ మీద యజమాని ఫొటో వేసుకునే అలవాటు కూడా దీనితోనే పెరిగింది.

మన తీరం సంగతే చూడండి. 2008లో నవయుగ వాళ్లు తెరిచిన కృష్ణపట్నం ఓడరేవు 2020లో అదానీ వాళ్లకు వెళ్లింది. మొదటి యజమాని నోటితో ఇచ్చిన హామీలేవైనా ఉంటే కొత్త యజమాని వాటికి బద్ధుడు కాడు. పర్యావరణ అనుమతిలో రాసిన షరతులకు మాత్రం బద్ధుడే. అనుమతి చేతులు మారినా షరతులు దానితో పాటే వెళతాయి. ఆ షరతులు ఎంతవరకు పాటించారో ఆరు నెలలకొకసారి కంపెనీ నివేదిక ఇవ్వాలి. ముత్తుకూరు మండలంలో ఈసారి ప్రజాభిప్రాయ సేకరణకు షామియానా వేసినప్పుడు, యజమాని సందేశం చదవడానికి మైకు అందుకున్న అధికారిని ఆ నివేదికల ప్రతులు ముందు బల్ల మీద పెట్టమనండి. కామర్సు చదివిన పిల్లలు ఒకరిద్దరు పక్కనుండి అంకెలు చూడండి. మెరిసే పేజీలన్నీ వదిలేసి వార్షిక నివేదికలో సొంత కంపెనీలతో జరిపిన లావాదేవీల పట్టిక తెరవండి. మాస్టారు పద్దు రాయించేటప్పుడు అడిగే ప్రశ్నకు జవాబు ఉండేది ఆ పేజీలోనే.