ఆకాశంలో దారి చూపే పలక

భూమి మీద దారి తప్పినవాడికి ఒక సదుపాయం ఉన్నది. బండి ఆపి, ఎదురుగా వచ్చే మనిషిని అడగవచ్చు. అడగడానికి ఎవరూ లేకపోతే చెట్టు నీడన కూర్చుని నింపాదిగా ఆలోచించుకోవచ్చు. ఆకాశంలో ప్రయాణం చేసేవాడికి ఈ రెండు అవకాశాలూ లేవు. అక్కడ బాటసారులు లేరు. ఆలోచన సాగుతూ ఉండగానే విమానం నిమిషానికి రెండు మైళ్ల చొప్పున ముందుకు పోతూనే ఉంటుంది. టాంకులోని పెట్రోలు తరుగుతూనే ఉంటుంది. అందుచేత వైమానికుడు మూడు ప్రశ్నలకు ఎల్లవేళలా సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. ఇప్పుడు ఎక్కడ ఉన్నాను? ఏ దిక్కుకు పోవాలి? చేరడానికి ఎంతసేపు పడుతుంది?

గడచిన పదిహేను సంవత్సరాలుగా చిన్న విమానాలలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతున్నది టాబ్లెట్ కంప్యూటరు. మన పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకంత ఉంటుంది గనుక దానిని పలక అనే పిలుచుకుందాం. ఈ పలక వైమానికుడికి చేసిన మేలు ఏమిటి, దానిని నమ్ముకున్నవాడు ఏ విషయాలలో మెలకువగా ఉండాలి అనే సంగతులను నేడు విచారిద్దాం.

చిన్న విమానాలంటే ఇద్దరో నలుగురో కూర్చునేవి. 1955లో మొదటిసారి ఎగిరిన సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం వీటిలో ప్రసిద్ధమైనది. ఇంతవరకు ఆ రకం విమానాలు 44,000కు పైగా తయారైనవి. శిక్షణ పాఠశాలలలోను, సొంత విమానం ఉంచుకునేవారి ఇండ్లలోను కనిపించేవి ఇటువంటివే. పెద్ద విమానాలలో ఉన్నట్లు వీటిలో ఇద్దరు పైలట్లు ఉండరు. విమానం నడపడం, దారి చూసుకోవడం, రేడియోలో మాట్లాడడం, వాతావరణం గమనించడం అన్నీ ఒక్క మనిషే చేసుకోవాలి.

పూర్వం ఈ పని ఎట్లా జరిగేదో కొంచెం జ్ఞాపకం చేసుకోవడం మంచిది. తొలినాటి వైమానికులు రైలు పట్టాలను, నదులను చూసుకుంటూ పోయేవారు. అమెరికాలో 1920 తరువాతి సంవత్సరాలలో తపాలా విమానాల కోసం దేశం అడ్డంగా దీపస్తంభాలు నాటి, వాటి పాదాల వద్ద నేలమీద కాంక్రీటుతో పెద్ద పెద్ద బాణపు గుర్తులు కట్టించారు. వాటిలో కొన్ని నేటికీ శిథిలాలుగా కనబడుతున్నవి. 1930లో తపాలా విమానాలు నడుపుతూ ఉండిన ఎల్రీ జెప్సెన్ అనే వైమానికుడు పది సెంట్లకు ఒక నోటు పుస్తకం కొని, తాను దిగిన మైదానాల కొలతలు, చుట్టుపక్కల కొండల ఎత్తులు, అడ్డువచ్చే స్తంభాల వివరాలు అందులో వ్రాసుకున్నాడు. తోటివారు ప్రతులు అడగసాగారు. 1934 నుండి ఆయన వాటిని పది డాలర్ల చొప్పున అమ్మడం ప్రారంభించాడు. ఆయన పేరు పెట్టుకున్న పటాలు నేడు పలకలలో కూడా ఉన్నవి.

మన దేశంలో 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి పుస్ మాత్ అనే చిన్న విమానంలో తపాలా తీసుకువచ్చారు. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. దారి చూపే రేడియో సాధనాలు ఆ విమానానికి లేవు. దిక్సూచి, గడియారం, పటం, కంటిచూపు, ఇవే వారి సాధన సంపత్తి.

దిక్సూచితోను గడియారంతోను దారి కట్టడం ఎట్లాగో ఒక ఉదాహరణ చూద్దాం. గంటకు వంద మైళ్ల వేగం గల విమానం సూటిగా ఉత్తరానికి పోవాలి. పడమటి నుండి గంటకు ఇరవై మైళ్ల వేగంతో గాలి వీస్తున్నది. వైమానికుడు గాలిని లెక్కపెట్టక విమానం ముక్కు ఉత్తరానికే ఉంచితే, గంట గడిచేసరికి తాను పోవలసిన చోటికి ఇరవై మైళ్ల తూర్పున తేలుతాడు. కాబట్టి ముక్కును సుమారు 12 డిగ్రీలు పడమటికి తిప్పి ఉంచాలి. ఇంకొక సులభమైన సూత్రం కూడా ఉన్నది. అరవై మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు తొలగితే, తప్పిన కోణం ఒక డిగ్రీ. ఈ లెక్కలు పెద్దవి కావు. కాని మేఘం కమ్ముకొని, విమానం ఊగులాడుతూ, రేడియోలో పిలుపు వినబడుతూ ఉన్నప్పుడు చిన్న లెక్క కూడా పెద్దదవుతుంది. ఆ సమయంలో మోకాలి మీద పరచుకున్న కాగితం పటం మడతలు విప్పడం కూడా ఒక శ్రమే.

2010లో ఐపాడ్ బజారులోకి రాగానే వైమానికులు దానిని ఎంత ఆత్రంగా అందుకున్నారో దీనినిబట్టి ఊహించవచ్చు. కాగితం బదులు తెరమీది పటాలు వాడుకోవచ్చునని అమెరికాలోని ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ సొంత విమానాలవారికి 2007లోనే సూచనలు ఇచ్చి ఉన్నది. చేతికి అందిన సరకు మాత్రం 2010 తరువాతనే సులభమైనది. ఆ దేశంలో కంటిచూపుతో విమానం నడిపేవారు వాడే పటాలు ఐదు లక్షలకు ఒకటి కొలతలో ఉంటవి, అంటే పటం మీది ఒక సెంటీమీటరు నేలమీద ఐదు కిలోమీటర్లు. అలాస్కా, హవాయి కాక మిగిలిన దేశానికి ఇటువంటివి ముప్పైకి పైగా కావాలి. 56 రోజులకొకసారి కొత్త ప్రతులు వెలువడుతవి. అవన్నీ అర్ధకిలో బరువైన పలకలో ఇమిడిపోయినవి. పెద్ద విమానాలవారు కూడా ఈ సౌలభ్యాన్ని గ్రహించారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మోసుకుపోయే పదహారు కిలోల కాగితాల సంచీ స్థానంలో 2013 నాటికి పలక వచ్చింది.

పలకకు తన స్థానం తెలిసేది జి.పి.ఎస్. ఉపగ్రహాల వల్ల. ఇవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ గడియారంలోని వేళను సంకేతంగా పంపుతూ ఉంటవి. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి వచ్చిన వేళలనుబట్టి పలక తానెక్కడ ఉన్నదో లెక్కకడుతుంది. సెకండులో పదిలక్షలవ వంతు తేడా వస్తే మూడువందల మీటర్ల తప్పు పడుతుంది. లెక్క అంత సున్నితమైనది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత దోషం కలిపి ఉంచేది. దానిని తొలగించిన తరువాతనే సామాన్యులకు ఇంత కచ్చితమైన స్థానం తెలియసాగింది.

ఇట్లా తెలిసిన స్థానాన్ని పలక పటం మీద ఒక చిన్న విమానపు బొమ్మగా చూపుతుంది. అనుమతి లేకుండా ప్రవేశింపరాని ఆకాశభాగం దగ్గర పడితే హెచ్చరిస్తుంది. ముందున్న కొండ విమానం కంటె ఎత్తైనదైతే ఎర్రరంగుతో తెలుపుతుంది. ఇంజను ఆగిపోతే ఇప్పుడున్న ఎత్తునుండి ఎంతదూరం జారుతూ పోగలమో, ఆ మేరలో ఏ విమానాశ్రయం ఉన్నదో గీత గీసి చూపే ప్రోగ్రాములు కూడా ఉన్నవి. ఇంజను ఆగిన వైమానికుడికి చేతిలో ఉండేది కొద్ది నిమిషాల వ్యవధి. ఆ నిమిషాలలో ఈ గీత ప్రాణాలు నిలబెట్టవచ్చు. అందుచేత పాత పద్ధతే మేలని, పలకను పారవేయాలని మా అభిప్రాయం కాదు. కాగితం పటం పట్టుకొని దారి తప్పిన వైమానికులు తక్కువమంది కారు.

అయితే ఈ పలక విమానం కోసం పుట్టినది కాదు. ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి, బొమ్మలు చూడడానికి పుట్టినది. ఐపాడును 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దాకా వాడవచ్చునని తయారుచేసినవారే చెబుతున్నారు. ఎండలో విమానపు అద్దం కింద ఉంచిన పలక ఆ హద్దును త్వరలోనే దాటుతుంది. చల్లబడేదాకా పనిచేయనని తెరమీద ఒక్క మాట చూపి ఊరుకుంటుంది. బాటరీ అయిపోవచ్చు. అద్దానికి అంటించిన పట్టు ఊడి పలక కాళ్ల దగ్గర పడవచ్చు. సెల్‌ఫోను సదుపాయం లేని ఐపాడులలో జి.పి.ఎస్. రిసీవరే ఉండదు, దానిని విడిగా కొనాలి. 2015 ఏప్రిల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల పలకలలోని పటాల ప్రోగ్రాము చెడిపోయి కొన్ని డజన్ల విమానాలు ఆలస్యమైనవి. నేలమీద ఉన్నవారు కాబట్టి ఆలస్యంతో సరిపోయింది.

ఇవన్నీ కంటికి కనబడే లోపాలు. తెర నల్లబడితే వైమానికుడు వెంటనే గ్రహిస్తాడు. అంతకంటె ప్రమాదమైనవి, తెర చక్కగా వెలుగుతూ ఉండగానే కలిగే లోపాలు.

వాతావరణ చిత్రాన్ని తీసుకుందాం. అమెరికాలో రాడార్లు పట్టిన వానమేఘాల చిత్రాలు ఆకాశంలోని చిన్న విమానాలకు కూడా అందుతవి. చిత్రం పక్కన అది ఎన్ని నిమిషాల కిందటిదో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య చిత్రాన్ని కూర్చి పంపిన వేళను తెలుపుతుందే గాని, రాడారు మేఘాన్ని చూసిన వేళను కాదు. ఒక్కొక్కప్పుడు నిజమైన వయస్సు తెరమీది సంఖ్య కంటె పదిహేను, ఇరవై నిమిషాలు ఎక్కువగా ఉండవచ్చునని ఆ దేశపు ప్రమాద విచారణ సంస్థ 2012 జూన్లో హెచ్చరించింది. 2010లో టెన్నెసీ రాష్ట్రంలో కూలిన వైద్యసేవా హెలికాప్టరును, 2011 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలో కూలిన చిన్న విమానాన్ని ఉదాహరణలుగా చూపింది. మొదటిదానిలో ముగ్గురు, రెండవదానిలో ఐదుగురు మరణించారు. గంటకు ముప్పై మైళ్లు పోయే గాలివాన ఇరవై నిమిషాలలో పది మైళ్లు జరుగుతుంది. తెరమీద ఖాళీగా కనబడే సందులో మేఘం అప్పటికే చేరి ఉండవచ్చు.

రెండవది, జి.పి.ఎస్. సంకేతం. ఇరవైవేల కిలోమీటర్ల దూరం నుండి వచ్చే ఈ సంకేతం భూమిని చేరేసరికి చాలా బలహీనమవుతుంది. నేలమీద ఒక ప్రసారిణి దానిని అణచివేయగలదు. దొంగ సంకేతం పంపి, విమానం లేనిచోట ఉన్నట్లు భ్రమ కలిగించనూగలదు. ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 2023 నవంబరులో మన పౌర విమానయాన డైరెక్టొరేట్ ఈ విషయమై విమాన సంస్థలకు మార్గదర్శక సూచనలు జారీ చేసింది. ఇటువంటి అంతరాయాలు గమనింపబడిన విమానాశ్రయాలను గురించి 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన వివరాలలో ఢిల్లీ, ముంబయి నగరాలతోపాటు మన హైదరాబాదు పేరు కూడా ఉన్నది. పెద్ద విమానాలకు వేరే సాధనాలు అనేకం ఉన్నవి. పలక ఒక్కదానినే నమ్ముకున్న చిన్న విమానానికి దిక్కు ఏది? ఈ ప్రశ్న ప్రభుత్వాలకూ తట్టింది. అమెరికాలో పాతకాలపు వి.ఓ.ఆర్. రేడియో స్తంభాలను తగ్గిస్తూనే, కొన్నింటిని మాత్రం నిలిపి ఉంచుతున్నారు. జి.పి.ఎస్. పోయినా, వాటి సాయంతో దిగగల విమానాశ్రయం వంద నాటికల్ మైళ్లలోపల దొరకాలనేది వారి ఉద్దేశం.

ప్రభుత్వం చేసినట్లే వైమానికుడూ చేయాలి. కొత్తదానిని వాడుకుంటూ, పాతదానిని చెడనీయకుండా ఉంచుకోవాలి. ఇది చెప్పినంత సులభం కాదు. తరచుగా తప్పే యంత్రాన్ని ఎవరూ నమ్మరు, ప్రతిసారీ సరిచూసుకుంటారు. వేయిసార్లు నిజం చెప్పిన యంత్రాన్ని వేయిన్నొకటవసారి ఎవరూ సరిచూడరు. మీదుమిక్కిలి, కళ్లు పలక మీద నిలిచినకొద్దీ అద్దం బయటికి చూడడం తగ్గుతుంది. సంకేత యంత్రం లేని ఇంకొక చిన్న విమానం ఎదురుగా వస్తే పలక దానిని చూపకపోవచ్చు. కన్ను మాత్రమే చూడగలదు.

ఇందుకు విరుగుడు ఖర్చుతో కూడినది కాదు. బయలుదేరక ముందు దారిలోని చెరువులు, రైలు కూడళ్లు, వంతెనలు గుర్తుపెట్టుకొని, ఒక్కొక్కటి ఏ వేళకు రావాలో స్వహస్తంతో లెక్కకట్టి కాగితం మీద వ్రాసుకోవాలి. పటాల గడువు చూసుకోవాలి. ప్రోగ్రాములోని మార్పులు చేర్పులు నేలమీదనే ముగించాలి. పలకకు ఎండ తగలకుండా చోటు చూసి, రెండవ పలకో, ఫోనో, కనీసం కాగితం పటమో అందుబాటులో ఉంచుకోవాలి. ఎగిరిన తరువాత పది, పదిహేను నిమిషాలకొకసారి ముందు నేలను చూసి, గడియారం చూసి, ఇది ఫలానా చోటు అని తనకు తాను చెప్పుకోవాలి. ఆ తరువాతనే పలకను చూడాలి. ఈ వరుస తారుమారు చేయరాదు. ముందు పలకను చూసినవాడు నేలమీద పలక చెప్పినదే వెతుకుతాడు. ఏదో ఒక చెరువును అదేనని సరిపెట్టుకుంటాడు. ముందు నేలను చూసినవాడికి రెండు సాక్ష్యాలు ఉంటవి. అవి కలిస్తే ధైర్యం, కలవకపోతే హెచ్చరిక.

అమెరికాలో ప్రైవేటు పైలట్ పరీక్షకు వచ్చినవారిని నేటికీ నేల గుర్తులతోను, దిక్సూచి గడియారాలతోను దారి కట్టమని అడుగుతారు. అనుకోకుండా వేరే ఊరికి మళ్లమంటారు. దారి తప్పితే ఏమి చేస్తావో చెప్పమంటారు. మన తెలుగు యువతీయువకులు ఇక్కడా, పరదేశాలలోనూ ఈ విద్య నేర్చుకుంటున్నారు. గురువు ఒకనాడు పలకను సంచీలో పెట్టించి, పెన్సిలూ పటమూ చేతికిచ్చి యాభై మైళ్లు పోయి రమ్మంటే, ఇది పాతకాలపు చాదస్తమని వారు విసుక్కోకూడదు. ఆ యాభై మైళ్లలో నేర్చినది, పలక చల్లబడేదాకా ఆగవలసిన ఒక మధ్యాహ్నం వారిని క్షేమంగా ఇంటికి చేర్చవచ్చు.